బేసినులో నా వైపు

మా డ్రైవరుకు పళ్ళెమంటే పడదు. పళ్ళెంలో తినడం చుట్టాలు చేసే పని అంటాడు. మధ్యాహ్నం ఉదయగిరి బస్టాండు పక్కన బండి ఆపగానే వెనక సీటు మీద సత్తు బేసిను పెట్టి, తన క్యారియరూ నా క్యారియరూ రెండూ అందులో గుమ్మరించేవాడు. వాళ్ళింటి గోంగూర, మా ఇంటి పప్పు, మజ్జిగ మిరపకాయలు, ఏవుంటే అవి. అన్నీ ఒకటిగా పిసికి, నడుమ వేలితో చిన్న కాలవ తీసి, "ఇటు నీది, అటు నాది. రా" అనేవాడు. నాలుగు ముద్దలు దిగేసరికి ఆ కాలవ ఎక్కడుందో ఇద్దరికీ తెలిసేది కాదు.

మాది ప్రైవేటు బస్సు. పొద్దున్నే ఆత్మకూరులో బయల్దేరి, ఉదయగిరి మీదుగా సీతారామపురం పోయి, తిరుగుదారిలో ఉదయగిరిలో అన్నం తిని, చీకటి పడే వేళకు ఆత్మకూరు షెడ్డుకు చేరాలి. తొంభైల్లో ఆ మెట్ట దారిలో బస్సులు తక్కువ, కాబట్టి మా బండి ఎప్పుడూ కిటకిటలాడేది. ఆయన డ్రైవరు, నేను కండక్టరు. క్లీనరు లేడు. టాపు మీదికి బుట్టలూ మూటలూ ఎక్కించేదీ నేనే, దించేదీ నేనే. నోరు మాత్రం దేవుడు ధారాళంగా ఇచ్చాడు. "లోపలికి జరగండయ్యా, లోపలేమన్నా పులుండాదా?" అని ఒక్క కేక వేస్తే బండి బండంతా జరిగేది. టిక్కెట్టు అడగ్గానే నిద్రపోయే పెద్దమనుషుల్ని భుజం తట్టి, "ఏం సామీ, కలలో యాడిదాకా పోయినావు? ఆడిదాకా టిక్కెట్టు కొట్టమంటావా?" అని లేపేవాణ్ణి.

అంత నోరున్నవాణ్ణి, మొదటి రోజు ఆ బేసిను ముందు మూగవాణ్ణయ్యాను. మాది ఊరి బయట పాలెం. మిషను దొరల కాలంలోనే మా తాతలు బాప్తిస్మం తీసుకున్నారు. గుడి వచ్చింది, బడి వచ్చింది. అయినా ఊళ్ళో టీ అంగట్లో మా నాయనకు గ్లాసు వేరేగా ఉండేది. చూర్లో దోపి ఉన్నదాన్ని తీసుకుని, తాగి, కడిగి మళ్ళీ చూర్లోనే దోపాలి. ఆ ముచ్చట ఆయన నవ్వుతూ చెప్పేవాడు, నాకు మాత్రం ఒళ్ళు మండేది. మా డ్రైవరేమో ఊరి నడుమ ఇల్లున్నవాడు, భూమి ఉన్నవాడు, నాకంటే చాలా పెద్ద. నేను చెయ్యి కడుక్కొని నిలబడి దిక్కులు చూస్తుంటే, "ఏందిరా, పెళ్ళికూతురి మాదిరి ఆ నిలబడేది? పప్పు ఆరిపోతాది, కూకో" అన్నాడు. అంతే. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటికి పోయి మా నాయనకు చెబితే, ఆయన నా మొహంలోకి చూసి, "చెయ్యి బాగా కడుక్కొని తినరా" అన్నాడు. బేసినులో నా వైపు అంటే నాకు నా ఉద్యోగం కంటే ఎక్కువ. ఉద్యోగం పోతే ఇంకో బస్సు దొరుకుతుంది.

నాకు కడుపులో పుండు లేచి నెల్లూరులో ఆపరేషను చేసినప్పుడు రక్తం ఎక్కించారు. ఎవరి రక్తమో, ఎక్కడిదో అప్పుడెవరు అడిగారు! బతికి బయటపడ్డాం, చాలనుకున్నాం. కొన్నేళ్ళకు ఒంట్లో సత్తువ పోయింది. టాపు నిచ్చెన సగం ఎక్కేసరికి కాళ్ళు వణికేవి. ఎవరో చెబితే మద్రాసు పోయి చూపించుకున్నాను. అక్కడి డాక్టరు వచ్చీరాని తెలుగులో నిదానంగా చెప్పాడు. హెపటైటిస్ సి అట. ఎక్కించిన రక్తంలో వచ్చి ఉంటుందన్నాడు. కాలేయాన్ని లోపల్లోపల తింటుందట, పైకి ఏళ్ళ తరబడి తెలియదట. ఇంజెక్షన్లు ఉన్నాయి గాని వాటి ధర విని నేనే వద్దన్నాను. సారాయి ముట్టొద్దన్నాడు. గడ్డం గీసుకునే బ్లేడు, సూది ఇంకొకరికి ఇవ్వొద్దన్నాడు. నాకు కావలసింది ఇంకొకటి. "అందరితో కలిసి తినొచ్చా సార్?" అని అడిగాను. "తినొచ్చు. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. బిడ్డల్ని ఎత్తుకో, ముద్దు పెట్టుకో" అన్నాడు. తలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ అదే అడిగాను. ఆయన నవ్వి మళ్ళీ అదే చెప్పాడు.

మర్నాడు ఉదయగిరిలో అన్నం కలుపుతుంటే డ్రైవరుకు అంతా చెప్పేశాను. ఆయన చెయ్యి ఆపలేదు.

"కలిసి తింటే వస్తాదా?"

"రాదంటన్నా. రెండు సార్లు అడిగినాను."

"మరింగేంది, తిను. నీ జబ్బు సంగతి డాక్టరు చూసుకుంటాడు. ఈ మిరపకాయ సంగతి నువ్వు చూసుకో, నాకు కడుపులో మంట" అన్నాడు. ఏడుపు వచ్చి, మిరపకాయ మీద పెట్టి ఏడ్చాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మద్రాసుకు సెలవెందుకని ఓనరు నిలదీస్తే ఆయనకూ ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పింది ఆయన ఒక్కడికే, విన్నది మాత్రం షెడ్డంతా. ఆ రోజుల్లో ఏ ఆసుపత్రి గోడ చూసినా ఎయిడ్స్ బొమ్మలే. రక్తంలో జబ్బు అంటే జనానికి తెలిసింది అదొక్కటే. పైగా బస్సువాడు, పైగా మద్రాసు పోయొచ్చాడు. ఇంకేం కావాలి! "ఏం నాయనా, మద్రాసులో ఏ వీధికి పోయినావు?" అని పక్క బండి కండక్టరు ఒకడు నలుగురిలో అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా మొహం మండ. మా ఆవిడ బోరింగు దగ్గర ఏం విన్నదో నాకు చెప్పలేదు. బిందె దించి, "ఆపరేషనప్పుడు నెత్తురెక్కించిన సంగతి అందరికీ గట్టిగా చెప్పరాదా" అని మాత్రం అన్నది. ఎవరికని చెప్పేది? బండిలో టిక్కెట్లు కొడుతూ చెప్పేదా?

షెడ్డు ముందు టీ బంకులో ఒక పొద్దున బంకాయన అందరికీ మామూలు గ్లాసుల్లో టీ పోసి, నాకు అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసులో పోశాడు. నేను ఆ గ్లాసు వంక చూశాను. బంకాయన నా వంక చూడలేదు. తాగాను. కడిగాను. కడిగి, మిగతా గ్లాసులకు దూరంగా, చెక్క చివర బోర్లించాను. ఎక్కడ పెట్టాలో ఆయన నాకు చెప్పను కూడా లేదు. నాకే తెలిసింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. గ్లాసు ఇచ్చినందుకు కాదు, దాన్ని అంత బుద్ధిగా బోర్లించినందుకు.

ఆ తర్వాత నేనే తప్పుకోవడం మొదలుపెట్టాను. మా గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభు భోజనానికి ఒకే గిన్నె వరసలో చేతులు మారుతూ వచ్చేది. గిన్నె నా వరసకు వచ్చే లోపల లేచి బయటికి పోయి చెప్పుల దగ్గర నిలబడేవాణ్ణి. అయ్యగారు ఎందుకని అడిగితే పథ్యంలో ఉన్నానన్నాను. ద్రాక్షరసానికి పథ్యమేంది, నా బొంద! ఆయన ఇంకేమీ అడగలేదు. అడగనందుకు బతికానని సంతోషమేసింది, అడిగి రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోనందుకు కోపమూ వచ్చింది.

బేసిను దగ్గర కూడా తప్పుకునే బుద్ధి పుట్టింది నాకు. టాపు మీద తాళ్ళు లాగి లాగి నా వేళ్ళకు ఎప్పుడూ కోతలే. జబ్బు రక్తంలో ఉంటుందన్నాడు గదా డాక్టరు. తినేముందు బండి వెనక్కి పోయి వేళ్ళన్నీ ఎండలో తిప్పి తిప్పి చూసుకునేవాణ్ణి. చివరికి ఉదయగిరిలో చెక్కతో చేసే స్పూన్లు అమ్మే చోట ఒకటి కొని, దానితో నా వైపు తినబోయాను.

డ్రైవరు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

"ఏందిరా అది?"

"వేళ్ళకు కోతలున్నాయన్నా."

"చూపీ." నా చెయ్యి లాక్కుని, చెకింగువాడు టిక్కెట్టు చూసినట్టు రెండు వైపులా తిప్పి చూశాడు. "ఆరిపోయిన గీతలు గదరా ఇవి! ఆ చెక్క ఇటియ్యి" అని లాక్కుని, చొక్కా వెనకనుంచి లోపలికి పోనిచ్చి వీపు గోక్కున్నాడు. "అబ్బ, ఎంత హాయిగా ఉండాది! బేరమాడి కొన్నావా లేదా?" ఆ స్పూను స్టీరింగు పక్కన వీపు గోక్కోవడానికే ఉండిపోయింది.

అట్లా నన్ను నా వైపు కూర్చోబెట్టినవాడు ఎండాకాలంలో పడిపోయాడు. ముందు రెండు మూడు రోజులు అన్నం వెగటుగా ఉందన్నాడు. తర్వాత ఒక పొద్దున బండి ఎక్కి అద్దంలోకి చూస్తే, అద్దంలో ఆయన కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. నా కాళ్ళ కింద బండి ఆగి ఉన్నా కదిలినట్టయింది. ఆయనకు చెప్పకుండా దిగిపోదామనిపించింది. దిగి ఎక్కడికి పోతాను! "అన్నా, నీ కళ్ళు పచ్చగా ఉండాయి" అన్నాను. ఆయన అద్దంలో చూసుకుని, "కామెర్లు. ఎవురికి రావు?" అని బండి తీశాడు. మర్నాటి నుంచి మంచం పట్టాడు.

షెడ్డులో ఇంక ఎవరికీ పరీక్షలు అక్కర్లేకపోయింది. ఒకే బేసిను, ఒకే రోగం. నెత్తుటి జబ్బయినా, పచ్చకామెర్లయినా అన్నీ ఒకటే వాళ్ళకు. ఓనరు నన్ను పిలిచి, "ఆయన్ని నెల్లూరు తీసకపోయి నెత్తురు పరీక్ష చేయిస్తా ఉండారు. నీ జబ్బేనని తేలిందనుకో, నువ్వింగ నా బండి ఎక్కబాక" అన్నాడు. న్యాయంగానే ఉందనిపించింది నాకు. అంతకంటే పెద్ద భయం నా గుండెలో కూర్చుంది. నన్ను ఒక మనిషిలాగా కూర్చోబెట్టుకున్న పాపానికి ఆయన కాలేయం నేను తినేశానా? డాక్టరు చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. బండిలో నిలబడి పైకి చెప్పుకునేవాణ్ణి కూడా. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం, కోత పడిన ఏ రోజు ఏ వేలితో తిన్నానోనని లెక్క తీసుకుంటూ ఉండేవాణ్ణి. బదులుగా వచ్చిన డ్రైవరు హోటలుకు పోయేవాడు. నేను బండి వెనక నిచ్చెన మొదట్లో కూర్చుని నా క్యారియరు నేను తినేవాణ్ణి.

ఒక ఆదివారం వాళ్ళింటికి పోయాను. గడప దాకా పోలేదు, వాకిట్లో నిలబడ్డాను. ఆయన భార్యను నేను వదినా అనేవాణ్ణి, ఆమె కుర్చీ తెచ్చి వాకిట్లోనే వేసింది. లోపల మంచం మీద ఆయన నిద్రపోతున్నాడు. పసరు తాగిస్తున్నారట, ఉప్పు లేని చప్పిడి కూడు పెడుతున్నారట. మజ్జిగ తెస్తానంటే ఉపవాసమన్నాను. ఆదివారం పూట ఉపవాసమేందని ఆమె అడగలేదు. కాసేపు కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"అబ్బయ్యా, నిజం చెప్పు. నీదేనా ఇది?"

"కాదు వదినా. తింటే రాదని డాక్టరు చెప్పినాడు."

"డాక్టర్లు శానా చెప్తారు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయన ఎవురి మాటా వినడు. నేనెన్ని సార్లు చెప్పినానో! ఆ బేసినులో తినబాకండని మొత్తుకున్నా. ఆయన వినకపోయినా, నువ్వయినా వద్దనకూడదా? నీకు తెలవదా?"

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. తిట్లకు బదులు చెప్పడం నా వృత్తి. ఆమె తిట్టలేదు, బతిమాలింది. నేను కుర్చీలోంచి లేచి, కూర్చున్న చోటు తుడవాలేమోనని ఒక్క క్షణం దాని వంక చూశాను. నిజంగా చూశాను. ఆమె కూడా చూసింది. ఇద్దరం తలలు దించుకున్నాం. నేను వస్తానని కూడా చెప్పకుండా రోడ్డెక్కాను.

కొన్నాళ్ళకు ఆమే ఆత్మకూరు బస్టాండుకు వచ్చింది. బండి బయల్దేరబోతోంది. జనం తోసుకుంటున్నారు. ఆమె ఆ తోపులాటలోనే నా దగ్గరికి వచ్చి, "నీది కాదంట అబ్బయ్యా" అన్నది. "నీళ్ళ వల్ల వచ్చే కామెర్లంట. యాడన్నా చెడ్డ నీళ్ళు తాగుంటాడంట. నెత్తుట్లో నీ జబ్బు అసలే లేదంట. నేనే నోరు జారినా. మనసులో పెట్టుకోబాక." ఆమె చెయ్యి ఎత్తి నా భుజం మీద వెయ్యబోయి, జనం చూస్తున్నారని కాబోలు, దించేసుకుంది.

ఆ రోజు సీతారామపురం దాకా నేను అరిచిన అరుపులు ఆ దారి మరిచిపోదు. జనాన్ని ఆట పట్టించాను, ముసలమ్మల బుట్టలు అడగకుండానే మోశాను. ఓనరు "పోన్లే, ఉండు" అన్నాడు. టీ బంకులో మాత్రం ఆ సొట్ట గ్లాసు మారలేదు. నేనూ దాన్ని చెక్క చివర బోర్లించడం మానలేదు. మంచి కబురు విన్నాం గదా, ఇప్పుడన్నా "నాకు వేరే గ్లాసియ్యి" అనొచ్చు గదా. అనలేకపోయాను. నాది కాదని తేలింది ఆయన కామెర్ల సంగతి. నా సంగతి ఏమీ తేలలేదనిపించింది. ఆ వారమే ఓనరు దగ్గరికి పోయి, అనంతసాగరం బండికి మార్చమని అడిగాను. అది దగ్గర దారి, మధ్యాహ్నం ఇంటికొచ్చి తినొచ్చు. ఆయన కారణం అడగలేదు. సరేనన్నాడు.

డ్రైవరు తిరిగొచ్చేసరికి సగమయ్యాడు. చొక్కా వేలాడుతోంది. కళ్ళు మాత్రం మళ్ళీ తెల్లబడ్డాయి. దారి పొడుగునా జనం పలకరిస్తుంటే, "చావలేదు లేవయ్యా, కూకో" అని నవ్వుతున్నాడు. ఉదయగిరిలో బండి ఆపి, వెనక సీటు మీద బేసిను పెట్టాడు. రెండు క్యారియర్లూ గుమ్మరించాడు. "ఇంకా పథ్యమేరా. ఉప్పు లేదు, కారం లేదు. నీ పప్పే ఇయ్యాల నాకు దిక్కు" అంటూ కలిపాడు. నడుమ కాలవ తీశాడు. "రా."

నేను చెయ్యి కడుక్కునే ఉన్నాను. వేళ్ళకు ఒక్క కోత లేదు, పొద్దున్నే చూసుకున్నాను. చెయ్యి మాత్రం లేవలేదు. అది నా చెయ్యిలాగా లేదు. దాన్ని తొడ మీద పెట్టుకుని కూర్చున్నాను.

"ఆకలి లేదన్నా."

"ఆకలి లేకపోతే రెండు ముద్దలు తిను."

"వద్దన్నా. నువ్వు తిను. నేను..." ఎట్లాగూ తెలిసేదే గదా అని చెప్పేశాను. "సోమారం నుంచి నేను అనంతసాగరం బండికి పోతా ఉండా. ఓనరును నేనే అడిగినా."

ఆయన నా మొహం చూశాడు. వదిన ఏమన్నా అన్నదా అని అడిగాడు. లేదన్నాను. షెడ్డులో ఎవరన్నా అన్నారా అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదన్నాను. ఆయనకు కోపం వస్తే అరవడు, గొంతు తగ్గిస్తాడు. అప్పుడు చాలా తగ్గించాడు.

"రాదని నీకు డాక్టరు చెప్పినాడు, నువ్వు నమ్మలా. ఇన్నాళ్ళు నీతో తిని చూపించినా, నమ్మలా. నా నెత్తురు తీసి పరీక్ష చేసి చెప్పినారు, నమ్మలా. వాళ్ళు చెప్పింది మాత్రం నమ్మినావు గదరా."

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయన తినడం మొదలుపెట్టాడు. తన వైపు నిదానంగా తిన్నాడు. కాలవ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. దాన్ని దాటి ఒక్క మెతుకు ముట్టలేదు. చేతులు కడుక్కొచ్చి, నా వంక చూడకుండా సీట్లో కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. జనం ఎక్కుతున్నారు. నేను బేసిను తీసుకుని కిందికి దిగాను. కాలవకు ఇవతల నా వాటా అన్నం చెయ్యి పడకుండా అట్లాగే ఉంది. గోడ పక్కన కుక్కలుంటే వాటికి పారబోసి, బేసిను కడిగి తెచ్చి ఆయన సీటు కింద పెట్టి, విజిలు వేశాను.